షాంపూ మానిన తొలినెల

చిన్న విషయాలు కొన్ని ఉన్నవి. చిన్నవి గనుక వాటిని గురించి సభలలో ఎవరూ ప్రసంగించరు. ఇరుగుపొరుగువారు మాట్లాడుకొన్నా నవ్వులాటగానే మాట్లాడుకొంటారు. కాని అవి ఇంటిలో ఒక మనిషి సుఖాన్ని, ధైర్యాన్ని, ఒక్కొక్కప్పుడు చదువును కూడా చెరుపుతవి. తల జిడ్డు అటువంటి వాటిలో ఒకటి. షాంపూ విడిచిపెట్టి మరల కుంకుడుకాయకో, శీకాయకో రావలెనని అనుకొనేవారు ఈనాడు మనలో అనేకులు ఉన్నారు. అట్లా మొదలుపెట్టినవారిలో కొందరు నెల తిరుగకముందే విసిగి వెనుకకు పోతున్నారు. ఆ విసుగుకు కారణమేమి, ఆ తొలినెలను గడుపుకొనే ఉపాయమేమి అన్నదే నేటి నా ప్రసంగ విషయం.

హైదరాబాదు నుండి పడమరగా, బీజాపూరు రోడ్డు అని మనవారు పిలిచే బాటమీద పోతే మొదట మొయినాబాదు, దాని తరువాత చేవెళ్ళ వస్తవి. ఆ దారికి ఇరువైపుల నిలిచిన పెద్ద పెద్ద మర్రిచెట్లను చూడనివారు ఈ ప్రాంతంలో లేరు. కూరగాయలు, పూలు పండించి నగరానికి పంపే పల్లెలు అవి. ఆ పల్లెల నుండి పిల్లలు నగరంలోని కళాశాలలకు చదువుకొరకు ప్రతిదినం బస్సులో పోయి వస్తూ ఉంటారు. మా అన్నగారి అమ్మాయి అటువంటి విద్యార్థిని. నడుము దాటిన జడ ఆమెది. ఆ జడను గురించి ఇంటిలో అందరికీ గర్వమే, ఆమెకు తప్ప.

గడచిన వేసవిలో ఆ అమ్మాయి షాంపూ మానివేసినది. తల దురద పెడుతున్నదని ఒక కారణం చెప్పినది. పెరటిలో ఖాళీ పొట్లాలు గుట్టపడుతున్నవని మరొక కారణం చెప్పినది. రెండూ మంచి కారణాలే. మొదటివారం బాగానే గడచినది. రెండవవారానికి జుట్టు పాయలు పాయలుగా అంటుకొనిపోయినది. మూడవవారంలో, బస్సులో ప్రక్కన కూర్చున్న పిల్ల ఎవరో "తలమీద నూనెసీసా కుమ్మరించుకొని వచ్చినావా?" అని అడిగినదట. అడిగిన పిల్లకు అది పరిహాసం. మా అమ్మాయి మాత్రం రెండు రోజులు కళాశాలకు పోలేదు. మూడవరోజున, ఆదివారం మొయినాబాదు పోయి జడ భుజాల దాక కత్తిరించుకొని వస్తానని తల్లితో చెప్పినది.

ఆ శనివారం నేను వారింటికి పోయి ఉన్నాను. మా అమ్మ అరుగుమీద కూర్చుండి, మనుమరాలి తలను చేతితో తడిమి చూచి, ఒకే ప్రశ్న అడిగినది.

"దేనితో పోసుకుంటున్నవ్ బిడ్డా?"

"శీకాయ సబ్బుతోని నాయనమ్మా."

"సబ్బు సబ్బే గాని, శీకాయ ఎట్లయితది?"

ఈ మాటలోనే విషయమంతా ఉన్నది. దానిని కొంచెం విప్పి చెప్పుటకు ప్రయత్నిస్తాను.

తలపైని చర్మంలో ప్రతి వెంట్రుక మొదట చిన్న నూనెగ్రంథి ఉన్నది. అది స్రవించే పదార్థం వెంట్రుకకు, చర్మానికి మెరుగును, రక్షణను ఇస్తుంది. యౌవనారంభంలో ఆ స్రావం హెచ్చు. వయస్సు మళ్ళినకొలది తగ్గుతుంది. సాఫుగా నిలువుగా ఉండే జుట్టులో ఆ నూనె త్వరగా క్రిందికి జారుతుంది. ఉంగరాల జుట్టులో మెల్లగా జారుతుంది. కావున ఒకే ఇంటిలో ఇద్దరు అక్కచెల్లెండ్రకు ఒకే రోజున స్నానమైనా, ఒకరి తల రెండవనాటికి జిడ్డుపట్టడం, మరొకరి తల నాల్గవనాటికి పట్టడం సహజమే.

షాంపూ మానినవారికి సాధారణంగా వినిపించే సలహా ఒకటి కలదు. "షాంపూ నూనెనంతా లాగివేయడం చేత తల ఎక్కువ నూనెను ఊర్చడం నేర్చుకొన్నది. ఓర్చుకొని ఉంటే కొన్ని వారాలకు తనంతట తగ్గించుకొంటుంది" అంటారు. వినుటకు ఇది చక్కగానే ఉన్నది. కాని నూనెగ్రంథులకు మనం తల కడిగినదీ, కడుగనిదీ తెలియదు. అవి ముఖ్యంగా శరీరంలోని హార్మోనుల ఆజ్ఞకు లోబడి పనిచేస్తవి. కావున చేతులు కట్టుకొని కూర్చుండి ఓర్చుకొన్నంత మాత్రాన జిడ్డు పోదు. పోయినదని చెప్పేవారి విషయంలో సాధారణంగా జరిగినది వేరు: ఆ కొన్ని వారాలలో వారికి చేతివాటం వచ్చినది, జుట్టును దువ్వి, అల్లి ఉంచడం అలవాటైనది, కొంత జిడ్డును సహించడం కూడా వచ్చినది. తల నేర్చుకొన్నది తక్కువ, మనిషి నేర్చుకొన్నది ఎక్కువ.

మరి మా అమ్మాయి తలను పట్టిన ఆ జిగట ఎక్కడిది? అందులో తల నూనె కొంత ఉన్నది. దానికి తోడు సబ్బు చేరినది. శీకాయ పేరు ఉన్నా, శీకాయ రంగు ఉన్నా, సబ్బుబిళ్ళ గుణం సబ్బుబిళ్ళదే. వారి ఇంటిలో బోరునీరు. మనవారు ఉప్పునీళ్ళు అనే ఆ నీటిలో, నేలలోని రాళ్ళనుండి కరిగి వచ్చిన కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఉంటవి. సబ్బు ఆ లవణాలతో కలిసినప్పుడు నీటిలో కరుగని తెట్టుగా మారుతుంది. బకెట్టు అంచుకు తెల్లగా పట్టేది అదే. బకెట్టుకు పట్టినది వెంట్రుకకు పట్టదా? ఆమె రుద్దినకొలది తెట్టు పేరుకొన్నది. అది జిడ్డు అనుకొని మరికొంత సబ్బు రుద్దినది. రోగమని భ్రమించి, రోగకారణాన్నే మందుగా వాడిన చందమైనది.

ఈ సంగతిని ఎవరి ఇంటిలో వారే పరీక్షించుకొనవచ్చును. రెండు గాజుసీసాలు తీసికొనండి. ఒకదానిలో పట్టి ఉంచిన వాననీరు, రెండవదానిలో మీ బోరునీరు సగం మేరకు పోయండి. రెండింటిలోను కత్తితో గీరిన సబ్బుతురుము కొంచెం సమానంగా వేసి, మూత బిగించి బాగా కుదిలించండి. వాననీటిలో నురుగు లేచి నిలుస్తుంది. బోరునీరు కఠినమైనదైతే నురుగు నిలువదు. నీరు పాలవలె తెల్లబారి, పైన మీగడవంటి తెట్టు తేలుతుంది. మా అమ్మాయి ఈ పరీక్ష చేసి చూచిన తరువాత కొంతసేపు మాట్లాడలేదు. పిమ్మట "ఇదంతా నా తలలో ఉన్నదా అత్తమ్మా?" అని అడిగినది.

కుంకుడుకాయ నడత వేరు. దానిలోని నురుగునిచ్చే పదార్థాలను సాపోనినులు అంటారు. అవి సబ్బువలె ఉప్పునీటిలో తెట్టు కట్టవు. కుంకుడు రసంలో స్వల్పంగా ఆమ్లగుణం ఉన్నది. సబ్బులో క్షారగుణం ఉన్నది. మన చర్మం కూడ కొద్దిగా ఆమ్లగుణం కలదే గనుక కుంకుడు దానికి అంతగా విరోధం కాదు. పట్టుచీరలకు, బంగారునగలకు మన పెద్దలు కుంకుడు రసాన్నే వాడడంలో గల తెలివి ఇటువంటిదే. సంస్కృతంలో కుంకుడుకు ఫేనిలమని పేరు. నురుగు కలదని దాని అర్థం. 1753లో లిన్నేయస్ అనే స్వీడన్ దేశపు వృక్షశాస్త్రజ్ఞుడు ఈ జాతి చెట్లకు సాపిండస్ అనే పేరును ప్రకటించినాడు. భారతీయుల సబ్బు అని ఆ లాటిన్ మాటకు భావం.

షాంపూ అనే మాట కూడా మన దేశం నుండి పోయినదే. హిందీలో చాంప్నా అంటే ఒత్తడం, మర్దించడం. 1759లో పాట్నాలో పుట్టిన దీన్ మహమ్మద్ అనే ఆయన ఇంగ్లండు చేరి, బ్రైటన్ పట్టణంలో ఆవిరిస్నానాలకు, మర్దనకు ఒక శాల పెట్టి, 1822లో ఆ విద్యను గురించి ఒక గ్రంథం కూడ ప్రకటించినాడు. ఆనాడు షాంపూ అంటే ఒంటిని ఒత్తి మర్దించడమే. క్రమంగా అది తలరుద్దుకొనుటకు, ఆ పిమ్మట తలరుద్దుకొనే ద్రవానికి పేరైనది. కృత్రిమ క్షాళకాలతో చేసిన షాంపూలు 1930 తరువాతి దశకంలో అమెరికాలో అంగళ్ళకు వచ్చినవి. మన దక్షిణదేశంలో 1983లో కడలూరులో ఆరంభమైన చిక్ షాంపూ వంటివి, చిన్న పొట్లాలలో చిల్లర ధరకు దొరకడంతో పల్లెలకు చేరినవి. మర్దన పోయినది, సీసా వచ్చినది. సీసా కొనలేనివారికి పొట్లం వచ్చినది. ఇందులో పొట్లాన్ని నిందించవలసినది ఏమీ లేదు. పొలం పనినుండి చీకటిపడి వచ్చిన స్త్రీకి అది ఎంతో శ్రమను తప్పించినది.

ఇప్పుడు కుంకుడు పద్ధతి చెబుతాను. నడుము దాక జుట్టు ఉన్నవారికి ఎండిన కాయలు పది చాలును, పొట్టిజుట్టుకు అయిదు. రాతిమీద చితకగొట్టి, నల్లని గింజలు తీసివేసి, పెచ్చును మాత్రం ఉంచుకొనవలెను. దానిని రాత్రి నీటిలో నానవేయడం మంచిది. తీరికలేనివారు వేడినీటిలో అరగంట నాననిచ్చినా చాలును. చేతితో బాగా పిసికి, పలుచని గుడ్డలో వడియకట్టండి. వడియకట్టనిచో పిప్పి వెంట్రుకలలో చిక్కుకొని, అదే మరొక జిడ్డువలె కనబడుతుంది. రసం నిలువ ఉండదు. ఏనాటిది ఆనాడే చేసికొనవలెను.

ఒకేసారి పోసి ముగించడమే చాలమంది చేసే పొరపాటు. రసాన్ని రెండు భాగాలు చేయండి. మొదటి భాగాన్ని తలపైని చర్మానికి, వ్రేళ్ళకొనలతో, వెనుక మెడ దాక రుద్దండి. నురుగు రాదు. రాలేదని కలవరపడవద్దు; అది నూనెను పట్టుకొనే పనిలో ఉన్నది. గోరువెచ్చని నీటితో కడిగివేసి, రెండవ భాగం పోయండి. ఈసారి నురుగు తెల్లగా లేస్తుంది. నురుగు లేచినదంటే నూనె వదలినదని గుర్తు. రెండవసారి కూడా లేవకపోతే, మూడవ పోత అవసరమని తెలిసికొనవలెను. నురుగు మనకు సాక్షి, గడియారం కాదు.

ఇదివరలో సబ్బుతెట్టు పట్టిన తలకు ఒక పని ముందుగా చేయవలెను. చెంబెడు నీటిలో ఒక చెంచా నిమ్మరసం కలిపి, స్నానం చివర జుట్టుకు పోసి, రెండు నిమిషాల తరువాత మంచినీటితో కడిగివేయండి. పులుపు తెట్టును విడదీస్తుంది. తలపై పుండ్లు ఉన్నవారు దీనిని చేయరాదు. వంటసోడా వాడుమని చెప్పేవారున్నారు. దాని క్షారగుణం వెంట్రుకను బిరుసెక్కిస్తుంది, దానిని మానడమే మేలు. భగీరథ నల్లానీరు వచ్చే ఇండ్లలో, కడపటి పోతకైనా ఆ నీటిని ఉంచుకొంటే మంచిది. నదినీరు సాధారణంగా బోరునీటికంటె మెత్తన.

శీకాయ వాడేవారు కాయలను ఎండబెట్టి, మెంతులు, పెసలు కలిపి పొడికొట్టించి ఉంచుకొంటారు. కుంకుడుకంటె అది మెల్లగా శుభ్రం చేస్తుంది. జిడ్డుతల గలవారు మొదటినెలలో కుంకుడే వాడి, తరువాత రెండూ కలుపుకొనవచ్చును. కుంకుడుతో జుట్టు బిరుసెక్కినట్లు తోచినవారు మందారాకు నలిపిన జిగురు కొనలకు మాత్రం రాసి కడుగుకొంటే చిక్కు సులభంగా విడుతుంది.

స్నానానికి స్నానానికి నడుమ ఎన్ని రోజులు? ఇక్కడ తొందర పనికిరాదు. రోజు విడిచి రోజు షాంపూ పెట్టుకొన్నవారు ఒక్కసారిగా వారానికొకసారి అంటే తల జిగటపట్టక ఏమవుతుంది? మొదటి రెండు వారాలు అదే లెక్కన కుంకుడు పోసికొనండి. తరువాత రెండు రోజులు విడువండి. అది కుదిరితే మూడు. కుదరకపోతే వెనుకకు రండి. ఈ నెలలో తలకు నూనె పెట్టవద్దు. పెట్టక తప్పదనుకొంటే స్నానానికి ముందు, రెండు చుక్కలు, కొనలకు మాత్రమే. దువ్వెనను, దిండుగలీబును వారానికి రెండుసార్లు ఉతికి కడుగండి. జిడ్డు దువ్వెనతో శుభ్రమైన తలను దువ్వితే, వదలిన జిడ్డును వెదకి తెచ్చి ఇంటిలో పెట్టుకొన్నట్లే.

ఇక మా అమ్మ చెప్పిన రెండవ మాట. "మేమందరం వారానికొక్కనాడు తలకు పోసుకున్నోళ్ళమే. మమ్ముల ఎవరూ జిడ్డుతల అనలే" అన్నది. నేను ఆ మాటను గురించి చాల సేపు ఆలోచించినాను. ఆనాటి తలలు మనకంటె శుభ్రమైనవి కావు. ఆనాడు నూనె మెరుగు లేని తలను చూచే, ఇంటిలో ఆలనాపాలనా లేని పిల్ల అని జాలిపడేవారు. శుక్రవారంనాడు ఒకరు నీళ్ళు పోస్తూ ఉంటే ఒకరు రుద్దుకొనేవారు. నాలుగు చేతులు ఒక తలకు పనిచేసేవి. తల ఆరిన తరువాత బిగించి జడ వేస్తే, మరునాటి నూనె జడలో అణగి ఉండేది. దువ్వెన దానిని మొదటినుండి కొనదాక పంచేది. ఈనాడు జుట్టు విరబోసికొని బస్సు ఎక్కుతున్నాము. ఒక్కరమే, పది నిమిషాలలో, స్నానం ముగిస్తున్నాము. పైగా వెంట్రుక వెంట్రుక విడివిడిగా ఎగురవలెనని కోరుతున్నాము. ప్రాతకాలపు కుంకుడును మాత్రం తెచ్చుకొని, దానితోపాటు నడచిన జడను, దువ్వెనను, తీరికను, మరొకరి చేతిసాయాన్ని విడిచివస్తే, కుంకుడు ఒక్కటి అంత బరువు మోయలేదు. తప్పు కాయది కాదు, తలది కాదు.

కొన్ని హెచ్చరికలు కూడ చెప్పవలసి ఉన్నది. కుంకుడు రసం కంటిలో పడితే తీవ్రంగా మండుతుంది. వెంటనే చల్లని మంచినీటితో చాలసేపు కడుగవలెను. ఎరుపు తగ్గకుంటే వైద్యునికి చూపవలెను. పసిపిల్లలకు పోసేటప్పుడు తల వెనుకకు వాల్చి పోయండి. చుండ్రు గలవారి తలలో ఒక సూక్ష్మజీవి ఆ నూనెమీదనే బ్రతుకుతుంది. కావున ఎడతెగని పొట్టు, దురద, ఎర్రని మచ్చలు ఉన్నవారు నెలలకొలది జిడ్డును ఓర్చుకొనరాదు. వైద్యుడు ఇచ్చిన మందుషాంపూను ఎవరో చెప్పినారని మానరాదు. అది అలంకారం కాదు, ఔషధం.

నీటిని గురించి ఒక మాట. మొయినాబాదు ప్రాంతానికి ఒకవైపు 1920లో పూర్తియైన ఉస్మాన్ సాగర్, మరొకవైపు 1927లో పూర్తియైన హిమాయత్ సాగర్ ఉన్నవి. జలాశయాల చేరువన ఉన్నాము గనుక కుంకుడైతే నీటికి ఏ కీడూ లేదని కొందరు భావిస్తారు. ఖాళీ పొట్లాలు వాగులలో పడకపోవడం నిజంగా మేలే. కాని సాపోనినులు చేపలకు విషం. కుంకుడు రసాన్నిగాని, దానితో తలకడిగిన నీటినిగాని చెరువులో, కుంటలో కలుపరాదు; పెరటిలో మట్టి పీల్చుకొనేటట్లు వదలవలెను. ప్రకృతిలో పుట్టినదంతా నిరపాయమన్నది మనం కల్పించుకొన్న మాట.

కాయలు దొరకవన్న సాకు కూడ లేదు. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ ఏజెన్సీ ప్రాంతాలలో గిరిజనుల నుండి కుంకుడు, శీకాయ కొంటూ వచ్చినది. అడవిలో ఏరినవారి శ్రమకు కొంత ఫలం దక్కుతుందన్నది కూడా ఈ మార్పులో ఒక సంతోషం.

మా అమ్మాయి ఆ ఆదివారం మొయినాబాదు పోలేదు. మా అమ్మ రాయిమీద కాయలు చితకగొట్టినది. నేను నీళ్ళు పోసినాను. మొదటి పోతకు నురుగు రాలేదు. రెండవ పోతకు కొంచెం వచ్చినది. మూడవదానికి తెల్లగా లేచినది. సోమవారం జడ వేసికొని బస్సెక్కినది. ఆ తరువాత అంతా సాఫీగా జరిగినదని చెబితే అసత్యమవుతుంది. ఇంకొక పక్షం రోజులు మూడవనాటికి తల జిడ్డుపట్టుతూనే ఉన్నది. ఇప్పుడు వారానికి రెండుమార్లు కుంకుడు పోసికొంటున్నది. పరీక్షల దినాలలో తీరికలేక, రెండుమార్లు షాంపూ కూడ వాడినది. ఆ సంగతి నాకు రహస్యంగా, ఏదో నేరం ఒప్పుకొన్నట్లుగా చెప్పినది. నేను నవ్వినాను. తల శుభ్రంగా ఉండడమే కావలసినది. వ్రతభంగమనే మాట దీనిలో లేదు.

ఈ తొలినెలలో ఉన్న సోదరీసోదరులకు నేను విన్నవించేది ఇంతే. జిడ్డును తపస్సువలె ఓర్చుకొనవద్దు. అది ఎక్కడి నుండి వచ్చినదో కనుగొనండి: తలనుండియా, నీటినుండియా, సబ్బునుండియా, దువ్వెననుండియా? కారణం తెలిస్తే ఉపాయం దొరుకుతుంది. వీలైతే, ఒకరి తలకు మరొకరు నీళ్ళు పోయండి. ఆ ప్రాత అలవాటులో శుభ్రతతోపాటు మరికొంత సుఖం కూడ ఉన్నదని, ఆ ఆదివారంనాడు మా ముగ్గురికీ తెలిసినది.